మాట్లాడని సభ్యులను తొలగించకండి

గ్రంథాలయ పాలక మండలి సభ్యులకు, ఆన్‌లైన్ పుస్తక చర్చా బృందాన్ని నడుపుతున్న గ్రంథపాలకులకు, ఇలాంటి బృందాలు నడిపే ఇతర ప్రజా గ్రంథాలయాల వారికి

నమస్కారం.

పుస్తక చర్చా బృందం సభ్యులందరికీ పోయిన వారం మీరు పంపిన ప్రతిపాదన చదివాను. వరుసగా మూడు సమావేశాల్లో మాట్లాడని వారి పేర్లు జాబితా నుంచి తీసివేస్తామని అందులో ఉంది. కొత్తగా చేరదలచిన వారు ఈ మధ్య చదివిన ఐదు పుస్తకాల గురించి ఒక పేజీ రాసి పంపాలని, సమావేశం జరుగుతున్నంత సేపూ కెమెరా తెరిచి ఉంచాలని, పుస్తకం పూర్తిచేయని వారు ఆ నెల రాకపోవడమే మంచిదని కూడా ఉంది. అభిప్రాయం చెప్పడానికి నాలుగు వరుసల జాగా ఇచ్చారు. నా అభిప్రాయం అందులో పట్టదు. పైగా ఇదే ఆలోచన మరికొన్ని గ్రంథాలయాల్లోనూ నడుస్తోందని విన్నాను. అందుకే అందరూ చదివేలా ఈ లేఖ రాస్తున్నాను.

ఈ నిబంధన నాలుగేళ్ల కిందటే ఉండి ఉంటే నేను ఈ బృందంలో ఉండేదాన్ని కాదు. చేరిన తర్వాత ఏడు నెలల పాటు నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మీ లెక్క ప్రకారం నాలుగో నెలలోనే నా పేరు కొట్టివేయాలి.

అప్పట్లో అమ్మకు పక్షవాతం వచ్చింది. అంతకుముందు వారానికి ఒకసారైనా గ్రంథాలయానికి వెళ్లేదాన్ని. తిరిగి వచ్చిన పుస్తకాలు పెట్టే బల్ల దగ్గర నిలబడి, ఎవరెవరు ఏం చదివి ఇచ్చారో చూడడం నాకు ఇష్టం. అక్కడ తరచూ కనిపించే ఒకరిద్దరితో "ఇది చదివారా, ఎలా ఉంది" అని అడిగేపాటి పరిచయం ఉండేది. అమ్మ మంచం పట్టాక నా సాయంత్రాలు ఇంటికే పరిమితమయ్యాయి. పుస్తకాలు మాత్రం ఆగలేదు, చెల్లెలు తెచ్చిపెట్టేది. రాత్రి అమ్మ నిద్రపోయాక చదువుకునేదాన్ని. ఆగిపోయింది మాట. నవల ముగించి, పుస్తకం మూసి, దీపం ఆర్పకుండా అలాగే కూర్చునేదాన్ని. అందులోని మనుషులు ఇంకా కళ్ల ముందు తిరుగుతుంటే వాళ్ల గురించి చెప్పుకోవడానికి పక్కన ఎవరూ ఉండేవారు కాదు. పుస్తకాలు చదివే వారికి ఈ ఒంటరితనం గురించి వేరే చెప్పనక్కర్లేదు. చుట్టూ ఎందరున్నా అది తీరదు. ఆ పుస్తకం చదివిన మరొక మనిషి దొరికితేనే తీరుతుంది.

ఒకసారి చెల్లెలు తెచ్చిన పుస్తకంలో మీరు పెట్టిన చిన్న కాగితం కనిపించింది. నెలకొక పుస్తకం, ఇంటి నుంచే పాల్గొనవచ్చు, సభ్యత్వ కార్డు ఉంటే చాలు అని రాసి ఉంది. ఆ కాగితాన్ని మూడు నెలలు పేజీ గుర్తుగా వాడుకున్నాను కానీ పేరు నమోదు చేసుకోలేదు.

ఆ మూడు నెలల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పేరు ఇచ్చిన తర్వాత ఏం జరుగుతుందో మీకు తెలుసు. పేరు ఇవ్వకముందు ఏం జరుగుతుందో మీకు కనిపించదు. చదివేవారిలో చాలామంది తమను తాము పాఠకులుగా లెక్కించుకోరు. "నేనేదో పొద్దుపోక చదువుతాను, అక్కడికి వచ్చేవాళ్లు చదువుకున్నవాళ్లు" అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. పేర్లు తప్పు పలుకుతానేమో, అందరికీ తెలిసిన విషయం నాకు ఒక్కదానికే తెలియదేమో, మధ్యలో అమ్మ పిలిస్తే అందరికీ వినిపిస్తుందేమో, ఏ మీట ఎక్కడ నొక్కాలో తెలియక అందరినీ ఆపుతానేమో అన్నవి నా భయాలు. ఏదీ పెద్దది కాదు. కానీ అన్నీ కలిసి ఒక మనిషిని గుమ్మం దగ్గరే ఆపేస్తాయి. ఆ గుమ్మం దాటే రోజున మీరు నన్ను అడిగినవి మూడే: పేరు, కార్డు నంబరు, లింకు పంపడానికి ఈమెయిల్. రెండు నిమిషాల్లో అయిపోయింది. ఐదు పుస్తకాల గురించి ఒక పేజీ రాయమని అడిగి ఉంటే ఆ కాగితం మళ్లీ పుస్తకంలోకే వెళ్లేది.

మీరు ఆ పేజీ ఎందుకు అడగాలనుకుంటున్నారో అర్థం చేసుకోగలను. నిజంగా ఆసక్తి ఉన్నవారే రావాలన్నది మీ ఉద్దేశం. కానీ ఆ పేజీ ఆసక్తిని కొలవదు. రాయడం అలవాటున్నవారిని, తమ మీద తమకు ముందే నమ్మకం ఉన్నవారిని ఏరి ఇస్తుంది. వారికి ఈ బృందం లేకపోయినా మరో నలుగురు దొరుకుతారు.

మొదటి సాయంత్రం నాకు బాగా గుర్తుంది. లింకు నొక్కగానే "నిర్వాహకులు త్వరలో మిమ్మల్ని లోపలికి అనుమతిస్తారు" అని తెర మీద వచ్చింది. ఆ ఒక్క నిమిషంలో రెండుసార్లు ఫోను కట్టేయబోయాను. లోపలికి వెళ్లాక కెమెరా ఆపేశాను, మైకు కూడా ఆపేశాను. అప్పుడు బృందాన్ని నడుపుతున్న గ్రంథపాలకురాలు ఎవరి పేరూ ఎత్తకుండా అన్న మాటలు ఇవి: "వినడానికి వచ్చినవారికి కూడా స్వాగతం. మాట్లాడాలనిపించిన రోజున చేయి గుర్తు నొక్కండి, అప్పటిదాకా మిమ్మల్ని ఎవరూ పిలవరు." ఆమె ఆ మాట నిలబెట్టుకున్నారు. ఏడు నెలల్లో ఒక్కసారి కూడా నన్ను పేరు పెట్టి పిలిచి ఏమంటారని అడగలేదు. నేను వరుసగా ఏడు సమావేశాలకు వెళ్లగలిగింది అందువల్లే.

ఆ ఏడు నెలలూ నేను ఏం చేశానని మీరు అడగవచ్చు. హాజరు పట్టికలో దానికి గడి లేదు కనుక ఇక్కడ చెబుతాను. రెండో నెలలో చదివిన నవలలో పిల్లల్ని వదిలి ఇల్లు విడిచిపోయిన ఒక తల్లి ఉంది. చదువుతున్నప్పుడు ఆమె మీద నాకు కోపం తప్ప మరేమీ కలగలేదు. చర్చలో ఒక పెద్దాయన, ఆయన గొంతు తప్ప ముఖం నేను ఎప్పుడూ చూడలేదు, ఆమె వెళ్లిపోయే ముందు రోజు ఇంట్లో ఏమేం పనులు చేసిందో వరుసగా చెప్పారు. పిల్లల బట్టలకు ఊడిన బొత్తాలు కుట్టింది. నీళ్లు పట్టి పెట్టింది. పెద్దపిల్లకు జడ వేయడం నేర్పింది. "వెళ్లాలని ఆమె అప్పటికే నిర్ణయించుకుంది. రచయిత చెప్పలేదు, ఆమె చేతులు చెప్పాయి" అన్నారాయన. ఆ రాత్రి ఆ అధ్యాయం మళ్లీ చదివాను. జడ వేయడం నేర్పే వాక్యం మొదటిసారి నా కళ్లకే ఆనలేదు. నేను చదవడం నేర్చుకున్నది బడిలో. ఇలా చదవడం నేర్చుకున్నది ఆ సాయంత్రాల్లో, నోరు మూసుకుని వింటూ.

ఎనిమిదో నెలలో చదివిన పుస్తకంలో రోగి గది ఒకటి వచ్చింది. అందరూ ఆ వర్ణనను మెచ్చుకుంటున్నారు. గదినిండా మందుల వాసన, మూసిన కిటికీలు, మసక వెలుతురు. నాకు అది నిజమనిపించలేదు. చేయి గుర్తు నొక్కాను. గొంతు వణికింది. "అలాంటి గదిలో ఉండేవారికి వాసన కొన్నాళ్లకు తెలియకుండా పోతుంది. చివరిదాకా వదలనిది శబ్దం. పక్క గదిలో ఉన్నా, నిద్రలో ఉన్నా, ఊపిరి శబ్దం మారితే తెలిసిపోతుంది. ఈ రచయిత ఆ గదిని గుమ్మంలో నిలబడి చూశారు, లోపల ఉండి కాదు" అన్నాను. కొన్ని క్షణాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత చాట్‌లో ఒక వాక్యం వచ్చింది: "మా ఇంట్లోనూ అంతే." అది రాసిన సభ్యురాలు నా కంటే ముందే, దాదాపు రెండేళ్లుగా బృందంలో ఉన్నారట. ఆమె నుంచి వచ్చిన మొదటి మాట అదే. మూడు సమావేశాల నిబంధన ఉండి ఉంటే ఆ మాట చెప్పడానికి నేనూ, దానికి జవాబివ్వడానికి ఆమే, ఇద్దరం అక్కడ ఉండేవాళ్లం కాదు.

మౌనంగా ఉండడం అంటే పాల్గొనకపోవడమే అనే అభిప్రాయం మీ ప్రతిపాదన అంతటా ఉంది. దాన్ని మరోసారి ఆలోచించమని అడుగుతున్నాను. 1865లో క్యూబా రాజధాని హవానాలోని ఎల్ ఫీగారో అనే చుట్టల కర్మాగారంలో ఒక పద్ధతి మొదలైంది. కార్మికులు బల్లల ముందు వరుసగా కూర్చుని పొగాకు చుడుతుంటే, వారిలో ఒకరు పుస్తకాలు, పత్రికలు బిగ్గరగా చదివి వినిపించేవారు. చదివే మనిషికి కూలి యజమాని ఇవ్వలేదు, వినేవారే తమ సంపాదనలోంచి తలా కొంత వేసుకుని ఇచ్చారు. పద్ధతి త్వరత్వరగా ఇతర కర్మాగారాలకు పాకింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం దాన్ని నిషేధించింది. తలవంచుకుని, చేతులు ఆడిస్తూ, మాట్లాడకుండా వింటున్న ఆ మనుషుల్ని చూసి అక్కడ ఏమీ జరగడం లేదని ఆ పాలకులు అనుకోలేదు. వినడానికి ఎంత బలం ఉందో వారికి అర్థమైంది కనుకనే భయపడ్డారు. గ్రంథాలయాన్ని ప్రేమించే మనకు అది అంతకంటే బాగా అర్థం కావాలి.

నిషేధం తర్వాత కూడా ఆ పద్ధతి చావలేదు. మళ్లీ వచ్చి తరతరాలు నడిచింది. చెప్పవలసిన విషయం అది కాదు కానీ, తలచుకున్నప్పుడల్లా నాకు సంతోషం కలుగుతుంది.

మీ ప్రతిపాదనలో మరో కారణం కూడా రాశారు. పేర్లు నమోదు చేసుకున్నవారు ఎక్కువ, మాట్లాడేవారు తక్కువ, చేరడానికి వేచి ఉన్నవారు ఉన్నారు, కాబట్టి మాట్లాడనివారు చోటు ఖాళీ చేయాలి అని. ఇది కుర్చీలున్న గదికి సరిపోయే తర్కం. ఆన్‌లైన్ గదిలో మౌనంగా ఉన్న మనిషి ఎవరి కుర్చీలోనూ కూర్చోలేదు. ఎవరి సమయమూ తీసుకోలేదు. ఆ సంఖ్య ఇబ్బంది పెడుతున్నది మాట్లాడేవారి వంతు విషయంలో అయితే, దానికి మందు వేరే ఉంది.

1727లో, తర్వాతి కాలంలో అమెరికా స్థాపకుల్లో ఒకడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియా నగరంలో మిత్రులతో కలిసి ఒక చర్చా సంఘం పెట్టాడు. వారానికొక సాయంత్రం కలుసుకునేవారు. చర్చల్లో పుస్తకాల అవసరం తరచూ వచ్చేసరికి ఎవరి పుస్తకాలు వారు తెచ్చి ఒకచోట పెట్టుకున్నారు. ఆ ఏర్పాటు ఎక్కువ కాలం సాగలేదు కానీ, దాని నుంచే చందాలతో నడిచే గ్రంథాలయం ఆలోచన పుట్టి 1731లో నిజమైంది. అంటే అక్కడ ముందు చర్చ పుట్టింది, గ్రంథాలయం దాని వెనక వచ్చింది. ఆ సంఘంలో పన్నెండు మందికి మించి చేర్చుకోకూడదన్న నియమం ఉండేది. తమ స్నేహితులనూ చేర్చుకోవాలని కొందరు సభ్యులు కోరారు. ఫ్రాంక్లిన్ హద్దు పెంచడానికి ఒప్పుకోలేదు, అలాగని పాతవారిని తీసేయమనీ అనలేదు. ఒక్కో సభ్యుడు వెళ్లి ఇలాంటిదే మరో సంఘం పెట్టాలని సూచించాడు. అలా మరో ఐదారు సంఘాలు ఏర్పడ్డాయి. ఆ పన్నెండు మందీ వంతులవారీగా ప్రశ్నలు తేవాలి, వ్యాసాలు చదవాలి అన్నది నాకు తెలుసు. అది మిత్రులు తమకోసం పెట్టుకున్న సంఘం, వారి షరతులు వారివి. ప్రజా గ్రంథాలయానికి ఆ షరతులు పెట్టే స్వేచ్ఛ లేదు. కానీ జనం ఎక్కువైతే బృందాన్ని రెండు చేయడం అనే మార్గం మాత్రం మనం తీసుకోవచ్చు. నెలలో రెండో వారం ఒక బృందం, నాలుగో వారం ఒక బృందం, అదే పుస్తకం. నడపడానికి మనుషులు చాలరంటారేమో. ఆ మాటకు తర్వాత వస్తాను.

గ్రంథాలయ విజ్ఞానం చదివిన మీకు, మన దేశంలో ఆ శాస్త్రానికి పితామహుడిగా పేరున్న ఎస్.ఆర్. రంగనాథన్ గురించి నేను చెప్పడం సాహసమే. అయినా గ్రంథాలయాలు ఎలా నడవాలో చెబుతూ 1931లో ఆయన ప్రకటించిన ఐదు సూత్రాలను ఈ వారం మళ్లీ చదువుకున్నాను. పుస్తకాలు ఉపయోగించడం కోసమే అన్నది మొదటిది. దాన్ని వివరిస్తూ ఆయన యూరప్‌లో ఒకప్పుడు పుస్తకాలను అరలకు ఇనుప గొలుసులతో కట్టి ఉంచిన సంగతి చెబుతారు. కట్టినవారు దుర్మార్గులు కారు. పుస్తకం మీద ప్రేమతోనే, పోతుందన్న భయంతోనే కట్టారు. మీ నిబంధనలు కూడా చర్చ మీద ప్రేమతో పుట్టినవేనని నమ్ముతున్నాను. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అన్నది రెండో సూత్రం. చదివినందుకు ప్రతిగా అభిప్రాయం చెప్పి తీరాలని అందులో లేదు. పాఠకుడి సమయం వృథా కానివ్వకూడదన్నది నాలుగోది. చేరడానికి ముందు ఒక పేజీ రాయించుకోవడం ఆ సూత్రానికి ఎలా సరిపోతుందో మీరే చెప్పాలి.

ఇంకొక పత్రం కూడా మీ కార్యాలయాల్లో ఉంటుంది. ప్రజా గ్రంథాలయాలపై యునెస్కో 1949లో మొదటిసారి ఒక ప్రకటన చేసింది. అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్యతో కలిసి 1994లో, మళ్లీ 2022లో దాన్ని కొత్తగా రాశారు. 1994 నాటి ప్రకటనలో ఒక చిన్న పదబంధం నన్ను కట్టిపడేసింది. మామూలు సేవలను ఉపయోగించుకోలేని వారికి ప్రత్యేకమైన సేవలు అందించాలని చెబుతూ, ఎందుకు ఉపయోగించుకోలేరన్న దానికి "ఏ కారణం చేతనైనా" అని రాశారు. ఆసుపత్రిలో, జైలులో ఉన్నవారిని ఉదాహరణగా చూపారు. కారణం నిరూపించుకోమని అడగలేదు. ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉండడం ఒక కారణం. నలుగురిలో నోరు పెగలకపోవడం కూడా ఒక కారణమే. ఆన్‌లైన్ బృందం ఉన్నదే ఇలాంటి వారి కోసం. నడిచి రాగలిగి, గలగలా మాట్లాడగలిగిన వారికి మీ భవనంలో నెలనెలా జరిగే సమావేశం ఎలాగూ ఉంది.

కెమెరా గురించి ఎక్కువ చెప్పను. తెర నిండా నల్లటి గళ్లు కనిపిస్తుంటే నడిపేవారికి ఎంత కష్టమో నాకు తెలుసు. పోయిన వేసవిలో మీరు సెలవులో ఉన్నప్పుడు ఒక సమావేశం నేనే నడిపాను. ప్రశ్న వేసి జవాబు కోసం చూస్తుంటే ఆ నిశ్శబ్దం గోడలా అనిపించింది. బావిలోకి మాట్లాడుతున్నట్టు ఉంటుందని మీరు ఒకసారి అన్నారు, ఆ రోజు నాకు అది అనుభవంలోకి వచ్చింది. కాబట్టి మీ కష్టాన్ని చిన్నచేసి మాట్లాడడం లేదు. కానీ కెమెరా తెరవమంటే తెరుచుకునేది మనిషి ముఖం ఒక్కటే కాదు, వెనక ఉన్న ఇల్లు కూడా. ఒకే గదిలో నలుగురు ఉండే ఇళ్లున్నాయి. మా ఇంట్లో నా వెనక అమ్మ మంచం ఉంటుంది, ఆమెను అందరికీ చూపించే హక్కు నాకు లేదు. వీడియోకు డేటా కూడా ఎక్కువ ఖర్చవుతుంది, గొంతుకు చాలా తక్కువ చాలు. ముఖం చూపడం ఎవరికి వారు తేల్చుకోవలసిన విషయంగా ఉంచండి.

నల్లటి గళ్ల వెనక మనుషులున్నారని తెలియడానికి వేరే దారులున్నాయి. నేను నడిపిన రోజున చివరి పావుగంటలో ఒక చిన్న పని చేశాను. ఈ పుస్తకంలో మీకు గుర్తుండిపోయిన ఒక వస్తువు పేరు చాట్‌లో రాయండి, కారణం చెప్పనక్కర్లేదు అన్నాను. మాట్లాడనివారిలో చాలామంది రాశారు. గొడుగు, తాళంచెవి, విరిగిన అద్దం, మళ్లీ గొడుగు. ఆ గొడుగు గురించి మిగిలిన సమయమంతా మాట్లాడుకున్నాం. ఒక్క పదం రాయడానికి ధైర్యం అక్కర్లేదు. ఒక పదం రాసిన మనిషి తర్వాతి నెల ఒక వాక్యం రాస్తారు. మీటింగుల్లో సభ్యులను ముగ్గురు నలుగురు చొప్పున చిన్న గదుల్లోకి పంపే సౌకర్యం కూడా ఉంది కానీ, అది మాట్లాడడానికి సిద్ధంగా ఉన్నవారికే మంచిది. మొదటిసారి వచ్చినవారిని అడగకుండా అందులోకి తోస్తే మళ్లీ రారు.

వినికిడి తక్కువ ఉన్న సభ్యుల కోసం మాటలు అక్షరాలుగా తెర మీద కనిపించే ఏర్పాటు ప్రతిసారీ మొదటి నుంచే వేసి ఉంచండి. అడిగితే వేస్తాం అనకండి, అడగడమే కొందరికి కష్టం. చూపు లేనివారి విషయంలో పుస్తకం ఎంచుకునేటప్పుడే ఆలోచించాలి. వారు చదవగలిగే రూపాల్లో పుస్తకాలు తయారుచేసుకోవడానికి, దేశాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడానికి కాపీహక్కుల అడ్డు తొలగించాలని 2013లో మరకేష్ ఒప్పందం కుదిరింది, 2016 నుంచి అది అమల్లో ఉంది. అంటే చాలా పుస్తకాల విషయంలో దారి ఉంది. కాకపోతే రూపం మార్చడానికి వ్యవధి కావాలి. పది రోజుల ముందు పుస్తకం పేరు ప్రకటిస్తే కుదరదు, మూడు నెలల ముందు ప్రకటిస్తే కుదురుతుంది.

పుస్తకం పూర్తిచేయనివారు రావద్దన్న నిబంధన గురించి ఒకే మాట. పూర్తిచేయకపోవడానికి తరచూ కారణం పుస్తకం చేతికి రాకపోవడం. ఈ-పుస్తకం అంటే ఎన్ని కావాలంటే అన్ని ప్రతులు పుట్టుకొస్తాయని సభ్యులు అనుకుంటారు. చాలావరకు ఒక లైసెన్సు మీద ఒకసారి ఒక్కరే చదవగలరని, కొన్ని లైసెన్సులు రెండేళ్లకో, ఇన్నిసార్లు అరువిచ్చాక అనో ముగిసిపోతాయని మీకు తెలుసు. 2011లో ఒక పెద్ద ప్రచురణ సంస్థ ఆ హద్దును 26 సార్లుగా పెట్టినప్పుడు ఎంత గొడవ జరిగిందో గ్రంథపాలకులు మరిచిపోయి ఉండరు. ఈ సంగతి సభ్యులకు చెప్పండి. రెండు ప్రతులకు ముప్పై మంది వరుసలో ఉన్న నెలలో, సగం చదివి వచ్చినవారిని తప్పుపట్టకండి. కాపీహక్కుల గడువు ముగిసిన రచనలను ఏడాదిలో మూడు నాలుగుసార్లు ఎంచుకుంటే ఆ నెలల్లో అందరికీ పుస్తకం అందుతుంది. సగమే చదివినవారు అడిగే ప్రశ్నలు కొన్నిసార్లు మొత్తం చదివినవారికి తట్టవు కూడా. ముగింపు బయటపడుతుందన్న బెంగ ఉంటే, దాని గురించి చివరి ఇరవై నిమిషాల్లో మాట్లాడుకోవచ్చు.

చదివిన ఐదు పుస్తకాల పేర్లు రాయించుకోవడంలో మరో చిక్కు ఉంది. ఎవరు ఏం చదువుతున్నారన్నది గ్రంథాలయం దాచి ఉంచవలసిన విషయం. పాఠకుల గురించి తెలిసిన సొంత విషయాలను బయటపెట్టకూడదని అమెరికా గ్రంథాలయ సంఘం 1939లోనే తన నీతి నియమావళిలో రాసుకుంది. ఒక మనిషి జబ్బు గురించి, విడాకుల గురించి, మతం గురించి ఈ నెల చదువుతూ ఉండవచ్చు. అది మీకు ఎందుకు చెప్పాలి? చెప్పడం ఇష్టం లేక గొప్పగా కనిపించే ఐదు పేర్లు రాసి పంపితే ఆ పేజీ వల్ల ప్రయోజనం ఏమిటి? సమావేశాలను రికార్డు చేసే పద్ధతి కూడా ఆపమని ఈ సందర్భంలోనే అడుగుతున్నాను. రికార్డు అవుతోందని ఎర్ర చుక్క కనిపించగానే సొంత అనుభవం చెప్పబోతున్నవారు ఆగిపోవడం నేను చూశాను.

ఇక నడపడానికి మనుషులు చాలరన్న మాట. నిజమే, ఒకే గ్రంథపాలకురాలు పగలంతా బల్ల దగ్గర పనిచేసి, సాయంత్రం ఇంటి నుంచి ఇది నడుపుతున్నారు. ఆమెకు కృతజ్ఞత చెప్పడానికి నాకు మాటలు చాలవు. నాకు ఈ బృందం వల్ల ఏం దక్కిందో పైన రాశాను, ఆమె అది చదువుతారని తెలుసు. ఆమె భారం తగ్గించాలంటే సభ్యులను తగ్గించనక్కర్లేదు, పని పంచితే చాలు. చాట్ చూసుకోవడం, లోపలికి రావడానికి వేచి ఉన్నవారిని చేర్చడం, ప్రశ్నలు ముందుగా తయారుచేయడం సభ్యులం చేయగలం. రెండో బృందం పెడితే ఆరు నెలలు నడిపే బాధ్యత నేను తీసుకుంటాను. "మా ఇంట్లోనూ అంతే" అని రాసిన సభ్యురాలిని అడిగాను, చాట్ తాను చూసుకుంటానన్నారు.

మండలి సమావేశం వచ్చే నెల మొదటి వారంలో అని రాశారు. అక్కడ ఈ నాలుగు నిబంధనలనూ వెనక్కి తీసుకోమని కోరుతున్నాను. అన్నిటినీ తీసుకోలేకపోతే మూడు సమావేశాల నిబంధననైనా తప్పకుండా తీసుకోండి. ప్రస్తుతం మీ జాబితాలో, తీసివేయవలసిన వారుగా మీరు గుర్తించిన పేర్లు కొన్ని ఉంటాయి. వారికి ఆ ఉత్తరాలు పంపకండి. ఏదైనా పంపాలనుకుంటే వచ్చే నెల పుస్తకం పేరు, లింకు, మొదటి రోజు నేను విన్న ఆ రెండు వాక్యాలు పంపండి.

ఇంకొక పని కూడా నాకు అప్పగించండి. పేరు నమోదు చేసుకుని మొదటి సమావేశానికి రానివారు ప్రతి నెలా ఒకరిద్దరు ఉంటారని మీరే చెప్పారు. వారు సరేనంటే, సమావేశానికి ముందు రోజు వారికి ఫోను చేసి మాట్లాడతాను. ఏ మీట ఎక్కడుందో చెబుతాను, మాట్లాడనక్కర్లేదని చెబుతాను. అమ్మ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పడుకుంటుంది. ఆ వేళలో నేను ఖాళీగానే ఉంటాను.

ఇట్లు
మీ ఆన్‌లైన్ పుస్తక చర్చా బృందంలో
ఏడు నెలలు మౌనంగా ఉన్న ఒక సభ్యురాలు